కదలని మేకు

మా తోడల్లుడి భయాలన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. దారిలో పాము కనిపిస్తే పక్కకి తప్పుకుని పోతాడు. కుక్క వెంటపడినా వెనక్కి తిరిగి చూడడు. గోడమీద పటం వెంట్రుకవాసి ఒరిగి ఉంటే మాత్రం ఆయనకి ముద్ద దిగదు. కొత్త అల్లుడిగా మా అత్తవారింటికి వచ్చిన మొదటిరోజు, అత్తగారు మంచినీళ్ళు తెచ్చి ఇస్తే, గ్లాసు బల్లమీద పెట్టి, నీళ్ళ అంచుని రెండు నిమిషాలు కళ్ళు చికిలించి చూసి, "కుడివైపు వెనక కాలు అరిగిందండీ" అన్నాడు. మోకాలి నొప్పితో కుంటుతూ అప్పుడే గదిలోకి వచ్చిన మా మామగారు, "పాత సంగతే బాబూ, డాక్టరు కూడా అదే అన్నాడు" అన్నారు. ఆ రోజునుంచి ఇంట్లో ఆయన పేరు మట్టం. మా మరదలి నోటినుంచి ఆ పేరు ఆఫీసుకి పాకింది. ఇప్పుడు జీతం ఇచ్చేవాళ్ళకి కూడా అసలు పేరు గుర్తులేదు.

ఆయన పని సొరంగంలో కాదు, సొరంగం పైన. నగరం కింద రైలు దారి తవ్వుతున్నారు. అరవై అడుగుల లోతున, రెండంతస్తుల ఇల్లంత గుండ్రటి మొహమున్న యంత్రం మట్టిని కొరుక్కుంటూ ముందుకి పోతుంది. తవ్వినంతమేరా తన వెనకాల సిమెంటు పలకల్ని ఉంగరంలా బిగించుకుంటూ పోతుంది. పనివాళ్ళు దాన్ని పందికొక్కు అంటారు. ఎదర మట్టి కూలిపోకుండా ఆ పందికొక్కు మొహం దగ్గర ఎప్పుడూ ఒత్తిడి పెట్టి ఉంచాలి. ఒత్తిడి తక్కువైతే పైన నేల కుంగుతుంది. ఎక్కువైతే నేల ఉబ్బుతుంది. ఎంత పెట్టాలో కింద ఉన్నవాళ్ళకి కనిపించదు. పైన వీధిలో నిలబడి మట్టం చెప్పే అంకెల్ని బట్టి వాళ్ళు మీట తిప్పుతారు.

రెండు మిల్లీమీటర్లు కుంగితే మనుషులకి తెలీదు. అయిదు కుంగితే ఇంజనీర్లకి ఫోన్లు మోగుతాయి. పది కుంగితే గోడలు నోళ్ళు తెరుస్తాయి. ఇరవై కుంగితే ఏమవుతుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే సిగరెట్ వెలిగించుకునేవాడు.

ఆయన్ని పెంచింది వాళ్ళక్క. తల్లి పోయేనాటికి ఆయనకి నాలుగేళ్ళు, ఆవిడకి పదహారు. కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది. ఆవిడ లెక్క ప్రకారం తమ్ముడు పుట్టిన దగ్గరనుంచి ఒక్క తప్పు కూడా చెయ్యలేదు, ఎందుకంటే ఒక్కటీ ఒప్పుకోలేదు. చిన్నప్పుడు నూనె సీసా పగలగొట్టి "గూడు వాలుగా ఉందక్కా" అన్నాడు. పదో తరగతి లెక్కల్లో మార్కులు తగ్గితే, "పరీక్ష హాల్లో బెంచీ ఊగుతోంది" అన్నాడు. బెంచీ నిజంగానే ఊగుతుందని ఆవిడ వెళ్ళి చూసి వచ్చింది. అదే వచ్చిన చిక్కు. ఆయన ఏదన్నా ఒరిగిందంటే ఒరిగే ఉండేది. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన అంకె తప్పని చూపించినవాడు లేడు.

ఇప్పుడు ఆవిడ ఒక పాత మేడ మొదటి అంతస్తులో కుట్టుపని గది నడుపుతోంది. స్కూలు యూనిఫారాలు కుడతారు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, పదమూడు మిషన్లు; ఒకావిడది చేతి కుట్టు. కింద తాళం వేసిన కాగితాల గోడౌను. పైన ఖాళీ. ఆ మేడ ముందు స్తంభానికే మట్టం తన మేకు కొట్టుకున్నాడు.

ఆ మేకు సంగతి కొంచెం చెప్పాలి. ఎత్తు కొలవడమంటే ఒకదానితో ఇంకోదాన్ని పోల్చడం. పోల్చడానికి కదలనిది ఒకటి కావాలి. సొరంగం దారికి చాలా దూరంగా, నీళ్ళ ట్యాంకు పక్కన బండరాతిలో ఒక ఇత్తడి మేకు దిగ్గొట్టి ఉంది. అసలు ఆధారం అదే. ప్రతి రెండు గంటలకీ అంత దూరంనుంచి కొలుచుకుంటూ రావడం కుదరదు కాబట్టి, పని జరిగే వీధిలో ఇంకో మేకు పెట్టుకుంటారు. దాన్ని వారానికోసారి ట్యాంకు మేకుతో సరిచూసి, చూసినట్టు కాగితంమీద టిక్కు పెట్టాలి. యంత్రం దగ్గరికి రాకముందే వీధి మేకుని దూరానికి మార్చాలి. ఇవి ఎవరో పెట్టిన రూళ్ళు కావు. తన కింద పనిచేసేవాళ్ళకోసం ఆయనే రాసి ఆఫీసు గోడకి అంటించిన రూళ్ళు.

ఆ స్తంభం దగ్గర మధ్యాహ్నం నీడ ఉంటుంది. అక్క పైనుంచి కుర్చీ దింపుతుంది. మేకు కొట్టిన రోజున యంత్రం ఇంకా కిలోమీటరు అవతల ఉంది. ఏడు నెలలపాటు మేకు వెంట్రుకంత కూడా కదల్లేదు.

"అక్కా, ఈ పేట మొత్తం ఎత్తు నీ మేడనుంచే కొలుస్తున్నాం తెలుసా. ఇది కదిలే రకం కాదు" అనేవాడు.

"పేటకి చెప్పు, మెట్లకి సున్నమన్నా కొట్టిస్తారు" అనేది ఆవిడ.

తరవాత ట్యాంకు వైపు దారిలో మురుగు కాలవ పని మొదలైంది. రోడ్డంతా తవ్వి పోశారు. చుట్టూ తిరిగి వెళితే ఎత్తు కొలిచే లెవెల్ పరికరం పదిచోట్ల దింపి ఎత్తాలి, ఒక పూటంతా ఎండలో. మొదటి వారం ఆయన తారు కాగుతున్న ఆ దారి చివరిదాకా వెళ్ళి, గొయ్యి చూసి, వెనక్కి వచ్చి టిక్కు పెట్టాడు. ఏడు నెలలుగా కదలనిది ఒక్క వారంలో కదులుతుందా అనుకున్నాడు. రెండోవారం దారి చివరిదాకా కూడా వెళ్ళలేదు. మూడోవారం టిక్కు పెట్టేటప్పుడు ఆయన చెయ్యి ఆగిందట. ఆగి, మళ్ళీ పెట్టింది. ఆ మూడు వారాల్లో యంత్రం మలుపు తిరిగి ఆ వీధికి వచ్చేసింది.

ఆ సోమవారం పొద్దున ఎనిమిదింటికి పందికొక్కు మేడకి ఇరవై అడుగుల దూరంలో ఉంది. మట్టం వీధికి అవతలివైపు, గట్టి సిమెంటు అరుగుమీద, మూడుకాళ్ళ స్టాండు వేసి లెవెల్ బిగించాడు. కొలకర్ర పట్టుకునేది ఒక పెద్దాయన. ఆరడుగుల మనిషి. కర్రకి తోడు నిలబడితే ఏది కర్రో ఏది మనిషో దుర్బీనులోంచి పోల్చుకోవాలి. అందరూ బాబాయి అంటారు.

పదింటికి చూసిన అంకెల్లో ఎదురు వరసలోని నాలుగు ఇళ్ళూ రెండేసి మిల్లీమీటర్లు లేచాయి. మేడమీది గుర్తులు సున్నా. అంటే ఆ వీధిలో అన్నిటికంటే భద్రంగా ఉన్నది అక్క మేడే.

ఇంజనీరమ్మ ఫోన్లో, "నేల ఉబ్బుతోంది మట్టంగారూ. కిందవాళ్ళు ఎక్కువ నొక్కుతున్నట్టున్నారు. ఒత్తిడి కొంచెం తగ్గించమంటాను" అంది.

"తగ్గించమనండి" అన్నాడు ఆయన.

పన్నెండింటికి మళ్ళీ చూశాడు. నాలుగు పాయింటు ఒకటి. నాలుగు. నాలుగు పాయింటు ఒకటి. నాలుగు పాయింటు ఒకటి.

బాబాయి చివరి ఇంటి దగ్గరనుంచి కర్ర భుజాన వేసుకుని వచ్చి, "ఏమయ్యా, ఈ ఇళ్ళకి ఎరువు గానీ వేశారా? పొద్దుటికీ ఇప్పటికీ బాగా ఎదిగాయి. సాయంత్రానికి కాపు కాస్తాయేమో" అన్నాడు.

మట్టం నవ్వలేదు. కాగితం వంకే చూస్తున్నాడు. నాలుగు ఇళ్ళలో ఒకటి మట్టి ఇటికల పాతిల్లు. ఒకటి అయిదంతస్తులది. ఒకటి రాతి పునాది. ఒకటి రేకుల షెడ్డు. నేల ఉబ్బితే షెడ్డు ముందు లేవాలి, అయిదంతస్తులది చివర లేవాలి. నాలుగూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి, ఒకే ఎత్తు ఎలా లేస్తాయి? ఊళ్ళో అందరికీ ఒకే డిగ్రీ జ్వరం కనిపిస్తే జబ్బు ఊరికి కాదు, థర్మామీటరుకి.

ఇళ్ళు లేవడం లేదు. మేకు దిగుతోంది. మేకుతోబాటు స్తంభం, స్తంభంతోబాటు మేడ. మేకు దిగుతున్న కొద్దీ, దాన్ని నమ్మి కొలిచినవన్నీ లేచినట్టు కనిపిస్తున్నాయి. లేచాయని నమ్మి కింద ఒత్తిడి తగ్గిస్తున్నారు. తగ్గించిన కొద్దీ మేడ ఇంకా దిగుతోంది.

ఆ సంగతి ఆయనకి పన్నెండుగంటల నాలుగు నిమిషాలకి తెలిసింది. తెలిసిన మనిషి ఏం చెయ్యాలి? ఆయన జేబులోంచి గుడ్డ తీసి లెవెల్ అద్దం తుడిచాడు. నీళ్ళు తాగాడు. బుడగ నడిమధ్యన ఉందో లేదో చూశాడు. ఎండ వేడికి అంకెలు తప్పుతాయని తనకి తనే చెప్పుకుని, స్టాండుకి గొడుగు కట్టాడు. పైన కిటికీలోంచి మిషన్లు టకటకమంటున్నాయి.

"బాబాయ్, కర్ర మేకు మీద పెట్టు. నేను చెప్పేదాకా తియ్యకు."

"ఎంతసేపు?"

"చెప్పేదాకా."

బాబాయి కర్ర నిలబెట్టాడు. మట్టం దుర్బీనుకి కన్ను ఆనించాడు. పద్నాలుగు వందల ముప్ఫై రెండు. లెవెల్ ముట్టుకోలేదు, ఊపిరి కూడా పక్కకి వదిలాడు. మూడు నిమిషాల తరవాత ముప్ఫై మూడు. ఇంకో మూడు నిమిషాలకి ముప్ఫై నాలుగూ దాటింది. గడియారం ముల్లు కదలడం కళ్ళకి కనపడదంటారు. ఆయనకి కనిపించింది. కర్రమీది సన్నటి నల్లగీత అద్దంలోని అడ్డగీతని దాటి, నీళ్ళలో ములిగేవాడి తలలా కిందికి జారింది.

"చెయ్యి పీకుతోందయ్యా. ఇంకా ఎన్నాళ్ళు?" అన్నాడు బాబాయి.

"నువ్వు ఆ స్తంభం దగ్గరనుంచి ఇటు వచ్చెయ్."

"మరి కర్ర?"

"కర్ర పోతే పోయింది. రా."

కర్ర పోతే పోయిందన్న మాట ఆయన నోట బాబాయి పదేళ్ళలో వినలేదు. ఇంకేమీ అడగకుండా వీధి దాటి వచ్చేశాడు.

మట్టం ఇంజనీరమ్మకి ఫోన్ చేశాడు. అప్పటికి పన్నెండూ ఇరవయ్యారు.

"మేడం, ఇళ్ళు లేవడం లేదు. నా మేకు దిగుతోంది. ఒత్తిడి పెంచమనండి."

"మేకు ఎలా దిగుతుంది మట్టంగారూ? ట్యాంకునుంచి మొన్న శనివారం సరిచూశారుగా. టిక్కులు నా ముందే ఉన్నాయి, మూడు వారాలవీ." ఆ అమ్మాయి గొంతులో తొందర ఉందిగాని అనుమానం లేదు. "ఉబ్బుతున్న నేలమీద ఒత్తిడి పెంచితే రోడ్డు పగులుతుంది. మీ లెవెల్ ఎండకి తప్పుతోందేమో. మళ్ళీ ఒకసారి చూసి చెప్పండి."

ఆ మూడు టిక్కుల్నీ ఆ క్షణంలో కళ్ళారా చూసినట్టయిందని ఆయన తరవాత నాతో అన్నాడు. నీలం సిరా.

"మళ్ళీ చూసి చెబుతాను" అని ఫోన్ పెట్టేశాడు.

పెట్టేసి, మేడ మెట్లెక్కాడు. మెట్లు ఎక్కుతుండగా చేతికి తగిలిన గోడ చల్లగా ఉందట. ఇంత చిన్న విషయం ఎందుకు గుర్తుందో ఆయనకే తెలీదు.

గదిలో పదమూడు మిషన్లూ నడుస్తున్నాయి. నీలం గుడ్డ తానులు నడుములోతున పేర్చి ఉన్నాయి. అక్క బల్లదగ్గర నిలబడి గుడ్డమీద సుద్దతో గీతలు గీస్తోంది.

"అక్కా, అందరూ కిందికి దిగండి. ఇప్పుడే."

"ఏం, ఊళ్ళో ఎవరన్నా పోయారా?"

"మేడ దిగుతోంది."

ఆవిడ సుద్ద ఆపలేదు. "ఏ మేడ? నువ్వు ఏడు నెలలుగా ఊరంతా టముకు వేస్తున్న మేడేనా? కదిలే రకం కాదన్నావ్."

"అన్నాను."

"రేపు పొద్దునకి రెండొందల చొక్కాలు పోవాలిరా. నీ వెంట్రుకవాసి లెక్కలకి ఇవాళ నాకు తీరిక లేదు. ఎంత దిగిందేం?"

"పదకొండో పన్నెండో."

"అడుగులా?"

"మిల్లీమీటర్లు."

పక్క మిషను దగ్గర అమ్మాయి కిసుక్కున నవ్వింది. "ఆ పాటి నా మడమలు కూడా అరిగాయన్నయ్యా" అంది. ఇంకో ఇద్దరు నవ్వారు. మిషన్లు ఆగలేదు.

వాళ్ళది తప్పు కాదు. పటం ఒరిగిందని, బల్ల కాలు అరిగిందని, గడప వాలిందని ఆయన నోటినుంచి ఆ గదిలో రోజుకొక్కటి వినేవాళ్ళే. పులొచ్చిందని కేకేసే రకం కాదు ఆయన. ప్రతి పిల్లినీ సరిగ్గా కొలిచి చెప్పే రకం. అందుకే పులి వచ్చినప్పుడు కూడా ఎంత పొడుగని అడిగారు.

ఆయన అక్క దగ్గరికి వెళ్ళి, సుద్ద పట్టుకున్న చేతిని పట్టుకున్నాడు.

"అక్కా, వారం వారం సరిచూడాలి ఆ మేకుని. మూడు వారాలుగా చూడలేదు. చూశానని టిక్కు పెట్టాను. అది నమ్మి కింద ఒత్తిడి తగ్గించారు. తప్పు నాదే."

ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. నాకు తరవాత ఆవిడే చెప్పింది. వాడు అంకెలు చెబుతుంటే నాకేం భయం వెయ్యలేదు, తప్పు నాదే అన్నాడు చూడండి, అప్పుడు నా కాళ్ళకింద నేల పోయినట్టయింది అంది. యాభై ఏళ్ళలో ఆ మాట ఆవిడ వినడం అదే మొదలు.

సుద్ద కింద పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్చి దించేసింది. పదమూడు మిషన్లూ ఒక్కసారి చచ్చిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అప్పటిదాకా ఎవరికీ వినపడని చప్పుడొకటి వినిపించింది. గోడలోపల ఎక్కడో, ఎండుకొబ్బరి చిప్ప నెమ్మదిగా విరుస్తున్నట్టు. తెగి, ఆగి, మళ్ళీ.

ఎవరూ నవ్వలేదు.

"చెప్పులు వెతక్కండి. సంచులు వదిలెయ్యండి. గోడవారన ఒకళ్ళ వెనక ఒకళ్ళు దిగండి, పరిగెత్తకండి" అంది అక్క. తరవాత తమ్ముడి వైపు తిరిగి, "ఇప్పుడు నాకు చెప్పింది ఆ ఇంజనీరు అమ్మాయికి చెప్పావా?" అంది.

ఆయన మెట్లవైపు చూశాడు.

"ఫోన్ చెయ్యి. నా ముందు చెయ్యి."

"కిందికి వెళ్ళి..."

"ఇక్కడే. నువ్వు కిందికి వెళితే నీకు ఇంకో బెంచీ దొరుకుతుంది."

మెట్లమీద ఆడవాళ్ళ అడుగుల చప్పుడు దిగుతుండగా ఆయన ఫోన్ కలిపాడు. "మేడం, నేను సరిచూడలేదు. మూడు టిక్కులూ అబద్ధం. మేకు దిగుతోంది, మేడ దిగుతోంది" అన్నాడు. అవతల ఫోన్ కట్ అయింది. ఆ అమ్మాయి ఆయన్ని తిట్టడానికి కూడా ఒక్క క్షణం ఖర్చు పెట్టలేదు. రెండో ఫోన్ ఎత్తి నేరుగా కింద యంత్రం నడిపేవాడికి చెప్పింది: ఒత్తిడి పాత అంకెకి తీసుకురండి, పలకల వెనక సందుల్లోకి సిమెంటు పాలు ఆపకుండా ఎక్కించండి, ఏం జరిగినా ఆ మేడ కింద ఆగకండి. కూలుతున్న చోట పందికొక్కు ఆగితే దానిమీదే అంతా వచ్చి పడుతుంది. దాటిపోవడమే దారి.

వీధిలో అరుగుమీద అక్క అందర్నీ నిలబెట్టి లెక్కపెట్టింది. పదమూడు. మళ్ళీ లెక్కపెట్టింది. పదమూడే.

"కాజాల పెద్దమ్మేది?"

కాజాలు కుట్టే పెద్దమ్మకి రెండు చెవులూ వినపడవు. వెనక గదిలో కిటికీ దగ్గర వెలుతురుకి కూర్చుని చేత్తో కుడుతుంది. ఆమెది మిషను కాదు కాబట్టి స్విచ్చి తీసినా ఆగేది కాదు.

అక్క మెట్లవైపు కదిలింది. మట్టం ఆవిడ భుజం పట్టుకుని వెనక్కి లాగి, "బాబాయ్, అక్కని వదలకు" అని తను లోపలికి పోయాడు.

ఈసారి మెట్లకీ గోడకీ మధ్య వేలు పట్టేంత సందు వచ్చింది. ఆ సందులోంచి సున్నం పొడి ధారగా రాలుతోంది. మనిషి బరువు ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో లెక్కలు తెలిసినవాడు కాబట్టి ఆయనకి భయం ఇంకా ఎక్కువ. తెలియనివాడైతే పరిగెత్తేవాడు. ఆయన ప్రతి మెట్టునీ కాలి బొటనవేలితో తట్టి చూసుకుంటూ ఎక్కాడు. పెద్ద గది తలుపు చట్రం ఒక పక్కకి వాలి తలుపుని బిగించేసింది. భుజంతో రెండుసార్లు గుద్దితే సగం తెరుచుకుంది.

పెద్దమ్మ వెనక గదిలో సూదికి దారం ఎక్కిస్తోంది. ఆయన భుజం తడితే ఉలిక్కిపడి, "నువ్వా అబ్బాయ్. ఉండు, ఇంకో రెండు కాజాలే" అంది.

చెవిటి మనిషికి మేడ దిగుతోందని చేతులతో ఎలా చెబుతారు? ఆయన అరచేతిని నేలకి సమంగా పట్టి కిందికి దించాడు. ఆవిడ ఆ చేతిని చూసి, "పొట్టిగా ఉందంటావా? మీ అక్క ఇచ్చిన కొలతే" అంది. అప్పుడు కిటికీ అద్దం దానంతట అదే మూలనుంచి మూలకి పగిలింది. ఆవిడకి చప్పుడు వినపడలేదుగాని, గీత కనిపించింది. సూది గుడ్డలో గుచ్చి లేచింది.

దిగేటప్పుడు ఆవిణ్ణి ముందు నడిపించాడు. మెట్లు మధ్యలో ఉండగా కాళ్ళకింద ఏదో గొణిగింది. చప్పుడు కాదు, వణుకు. అరికాళ్ళలోంచి పళ్ళదాకా వచ్చింది. అరవై అడుగుల కింద పందికొక్కు వాళ్ళ కిందుగా పోతోంది. ఆవిడకీ తెలిసింది. వెనక్కి తిరిగి ఆయన చొక్కా గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఇద్దరూ వీధిలోకి వచ్చిపడ్డారు.

వాళ్ళు అరుగు ఎక్కిన తరవాత ఎంతసేపటికి నేల కుంగిందో బాబాయి ఒకలా చెబుతాడు, అక్క ఒకలా చెబుతుంది. మట్టం మాత్రం నలభై సెకన్లంటాడు. ముందు కాలిబాట మధ్యలో పళ్ళెంలా గుంట పడింది. తరవాత ఆ పళ్ళెం అడుగు ఊడిపోయింది. స్తంభం, దానిమీద మేకు, మేకుమీద ఆనించిన కొలకర్ర నిటారుగా మోకాలిలోతు దిగి ఆగాయి. మేడ ముందుకి వంగి, ఏదో వినడానికి చెవి ఒగ్గినట్టు అలాగే నిలబడిపోయింది. పైనుంచి నీలం గుడ్డ తాను ఒకటి కిటికీలోంచి జారి, విప్పుకుంటూ విప్పుకుంటూ వీధిలోకి వచ్చింది.

ఆడవాళ్ళలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. మిగతావాళ్ళు ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకున్నారు. మేడ పడలేదు. యంత్రం అవతలికి దాటిపోయింది. ఆ రాత్రంతా గుంటలోకి సిమెంటు పాలు పోశారు. ఆ స్తంభం కింద ఏనాడో పూడ్చేసిన బావి ఉందని, పూడ్చినవాళ్ళు చెత్తతో పూడ్చారని తరవాత తెలిసింది. ఏ పటంలోనూ లేదు.

మర్నాడు ఆఫీసులో విచారణ. బల్ల అవతల ముగ్గురు పెద్దలు. బయట వరండాలో బెంచీమీద అక్క కూర్చుంది. ఆవిడ సాక్ష్యం అప్పటికే అయిపోయింది. లోపలికి వెళ్ళేముందు ఇంజనీరమ్మ మట్టాన్ని పక్కకి పిలిచింది. రాత్రంతా నిద్రలేని కళ్ళు.

"టిక్కుల సంగతి దాచడానికి లేదు మట్టంగారూ. నేనూ ఆ కాగితాలు గుడ్డిగా నమ్మాను, నా తప్పు నేను రాసిచ్చాను. కానీ మీరు పసిగట్టింది పన్నెండూ ఇరవయ్యారుకి. వెంటనే నాకు ఫోన్ చేశారు, వెంటనే పైకి పరిగెత్తి పదిహేను మందిని దించారు. అది కూడా రాయండి. ఉద్యోగం నిలబడుతుంది."

ఆయన లోపలికి వెళ్ళాడు. కాగితం ఇచ్చారు. టిక్కుల సంగతి రాశాడు. ఆడవాళ్ళని దించిన సంగతి రాశాడు. పసిగట్టిన సమయం అన్నచోట కలం ఆగింది. పన్నెండూ ఇరవయ్యారు అని రాస్తే కాదనేవాడు లేడు. ఇంజనీరమ్మకి తెలీదు. బాబాయికి గడియారం లేదు. అద్దం తుడవడం, గొడుగు కట్టడం చూసినవాళ్ళకి అది ఆయన పనిలా కనిపించింది.

పన్నెండు గంటల నాలుగు నిమిషాలు అని రాశాడు.

పెద్దల్లో ఒకాయన కాగితం చదివి, "ఫోన్ ఇరవయ్యారుకి చేశారు. మధ్యలో ఏం చేశారు?" అన్నాడు.

"అద్దం తుడిచాను. నీళ్ళు తాగాను. గొడుగు కట్టాను. పది నిమిషాలపాటు మేకుని చూశాను."

"మేకుని చూడటం పరీక్షే. మిగతావి దేనికి?"

"భయపడి."

"మేడలో ఉన్నవాళ్ళకోసమా?"

"కాదండీ. నాకోసం."

ఆయన్ని లెవెల్ పనినుంచి తీసేశారు. బయటికి వచ్చేసరికి కాగితం నకలు ఆయన చేతిలోనే ఉంది. అక్క చెయ్యి చాపింది. ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని, పెదవులు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివింది. రెండో పేజీలో ఒకచోట ఆగి, వేలు అక్కడే ఉంచి, తలెత్తకుండా అడిగింది.

"మేం పైన ఉండగా, తెలిసి కూడా, ఇరవై నిమిషాలు ఊరుకున్నావా?"

"ఇరవై రెండు అక్కా."

ఆవిడ కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టేసింది. లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మెట్లు దిగి వీధిలోకి నడిచింది. ఆయన్ని రమ్మనలేదు. వద్దనీ అనలేదు. ఆయన పది అడుగుల దూరం ఉంచి వెనకాలే నడిచాడు. ఆవిడ ఆగినచోటల్లా తనూ ఆగాడు.